వరుస కూర్చిన యంత్రం : హెర్మన్ హాలరిత్ జీవిత రేఖలు

తెలుగు భాషలో వరుస అనే మాటకు రెండు అర్థాలున్నాయి. బారులు తీరి నిలిచినవాటిని వరుసగా ఉన్నాయంటాము. ఇద్దరు మనుషుల నడుమ ఉన్న చుట్టరికాన్ని కూడా వరుస అనే అంటాము. పెళ్ళిపందిట్లో ఇద్దరు కొత్తవారు కలిస్తే, ముందుగా ఎవరికెవరు ఏ వరుస అవుతారో తేల్చుకొని, ఆ తర్వాతనే మామయ్య అనో బావ అనో పిలుపు మొదలుపెడతారు. ఉర్దూలో క్రమానికి తర్తీబ్ అనీ, చుట్టరికానికి రిష్తా అనీ వేరువేరు మాటలున్నాయి. మన తెలుగు మాత్రం ఆ రెండింటినీ ఒకే గూటిలో పెట్టింది. ఇది ఎంత లోతైన విషయమో మాకు మొన్నటి విద్యా సంవత్సరం వరకు బోధపడలేదు.

ఆ బోధకు ఒక చిన్న సంఘటన కారణమైనది. మా తరగతి విద్యార్థిని ఒకతె కన్నీళ్ళతో మా వద్దకు వచ్చింది. ఉపకార వేతనం దరఖాస్తుకు జతపరచవలసిన మార్కుల పట్టికలో ఆమె తెలుగు మార్కులు గణితం గడిలోను, గణితం మార్కులు తెలుగు గడిలోను పడినవి. తెలుగులో 81 తెచ్చుకున్న పిల్లకు 43 వచ్చినట్లు కనిపిస్తున్నది. దరఖాస్తుకు గడువు ఇంకా రెండు రోజులే. కార్యాలయానికి వెళ్ళి విచారించాము. కంప్యూటరు ఒక్కొక్క విద్యార్థి పేరు కింద ఆయా పేపర్ల మార్కులను చూపుతున్నది. గుమాస్తాగారు అలవాటు ప్రకారం పై నుంచి కిందికి చూస్తూ పట్టికలో ఎక్కించారు. కాని ఆనాడు మార్కులు ఎప్పటి వరుసలో రాలేదు. కంప్యూటరు విభాగంలోని మా సహాధ్యాపకులు వచ్చి చూసి, ప్రోగ్రాములో విద్యార్థికీ మార్కులకూ ఉన్న సంబంధం చెప్పారే గాని, ఆ మార్కులు ఏ క్రమంలో రావాలో ఎక్కడా చెప్పలేదని కనిపెట్టారు. చుట్టరికం కుదిరింది, క్రమం కుదరలేదు. వారు ఒక్క పంక్తి చేర్చారు. మార్కులు బుద్ధిగా బారులు తీరాయి. పట్టిక సవరించి, గడువులోగా దరఖాస్తు పంపించాము.

ఆ ఒక్క పంక్తి వెనుక నూట నలభై సంవత్సరాల చరిత్ర ఉన్నదని తర్వాత తెలుసుకున్నాము. ఆ చరిత్రకు ఆద్యుడైన మహాశయుని జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం. ఆయన పేరు హెర్మన్ హాలరిత్.

హాలరిత్ 1860వ సంవత్సరం ఫిబ్రవరి 29వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలో, న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన బఫెలో నగరంలో జన్మించాడు. లెక్కల మనిషికి పుట్టినరోజు కూడా నాలుగేళ్ళ కొకసారి లెక్కగా వచ్చేది. తల్లిదండ్రులు జర్మనీ నుంచి వలస వచ్చినవారు. తండ్రి ప్రాచీన భాషలు బోధించే ఉపాధ్యాయుడు. హెర్మన్ చిన్నతనంలోనే ఆయన గతించాడు. తల్లి బంధువుల ముందు చేయి చాపకుండా, స్త్రీలు ధరించే టోపీలు తయారుచేసి అమ్మి పిల్లలను పెంచింది. కుర్రవానికి మిగిలిన విద్యలన్నీ బాగానే అబ్బినవి గాని, ఇంగ్లీషు మాటల అక్షరక్రమం మాత్రం ఎంతకూ పట్టుబడేది కాదు. ఆ పాఠం వచ్చే వేళకు బడి నుంచి పారిపోయేవాడనీ, ఒకసారి మేడమీది కిటికీలో నుంచి దూకాడనీ చెబుతారు. చివరకు తల్లి బడి మాన్పించి, ఇంటి వద్దనే గురువును పెట్టి చదివించింది. అక్షరాల వరుసతో ఇంత బాధపడిన బాలుడు పెద్దవాడై కోట్ల మనుషుల వివరాలను వరుసలో పెట్టే యంత్రం నిర్మించాడంటే, ఒక పాఠంలో వెనుకబడిన పిల్లవాణ్ణి మందబుద్ధి అని తీర్మానించే మావంటి ఉపాధ్యాయులు కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది.

1875లో న్యూయార్క్ సిటీ కళాశాలలో చేరి, తరువాత కొలంబియా గనుల విద్యాలయంలో చదివి, 1879లో పందొమ్మిదేళ్ళ వయసులో ఇంజనీరు పట్టం పుచ్చుకున్నాడు. ఆయన గురువైన ఆచార్య విలియం ట్రోబ్రిడ్జ్ 1880 నాటి జనాభా లెక్కలలో ఒక బాధ్యత స్వీకరించి, ఈ శిష్యుణ్ణి సహాయకుడుగా వాషింగ్టన్‌కు తీసుకుపోయాడు. కర్మాగారాలలో ఆవిరిశక్తి, నీటిశక్తి వినియోగాన్ని గురించి నివేదిక తయారుచేయడం ఆయన పని. కాని ఆ కార్యాలయంలో ఆయన కంటబడిన మరో దృశ్యమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

అమెరికాలో ప్రతి పదేళ్ళకూ జనాభా లెక్కించాలని రాజ్యాంగమే శాసించింది. 1880లో ఆ దేశ జనాభా అయిదు కోట్లకు చేరింది. అయిదు కోట్ల తలలు లెక్కపెట్టడం పెద్ద చిక్కు కాదు. అసలు చిక్కు మరొక చోట ఉన్నది. ఒక్కొక్క మనిషికి వయసు, లింగం, జన్మస్థలం, వృత్తి, వైవాహిక స్థితి మొదలైన అనేక వివరాలున్నాయి. విదేశాలలో పుట్టినవారెందరు, వారిలో వివాహితులెందరు, ఆ వివాహితులలో వడ్రంగులెందరు అని ఒకదానికొకటి ముడిపెట్టి అడిగినప్పుడు, గుమాస్తాలు పెద్ద పెద్ద కాగితాలపై గీతలు గీసుకుంటూ లెక్కించేవారు. ప్రశ్న మారితే మళ్ళీ మొదటి కాగితం నుంచి మొదలుపెట్టవలసిందే. 1880 లెక్కల ఫలితాలను పూర్తిగా ప్రకటించడానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది. జనాభా పెరిగినకొద్దీ, ఒక దశాబ్దపు లెక్క తేలకముందే మరో దశాబ్దపు లెక్క వచ్చి నెత్తిన పడే ప్రమాదం కనిపిస్తున్నది.

ఆ కార్యాలయంలో జనన మరణ గణాంకాలకు అధిపతి డాక్టర్ జాన్ షా బిల్లింగ్స్. ఒకనాటి సాయంకాలం తమ ఇంట భోజన సమయంలో ఆయన ఈ పనికి ఏదైనా యంత్రం ఉంటే బాగుండునన్న ఆలోచనను యువకుడైన హాలరిత్ చెవిని వేశాడు. హాలరిత్ కొంతకాలం ఆలోచించి, తిరిగి వచ్చి, ఇద్దరమూ కలిసి ప్రయత్నిద్దామని బిల్లింగ్స్‌ను ఆహ్వానించాడు. బిల్లింగ్స్ ఆ లాభంలో భాగం కోరలేదు; చిక్కు విడిపోతే చాలునన్నాడు. బీజం వేసి చెట్టును ఇతరులకు వదిలిన ఆ పెద్దమనిషిని స్మరించకుండా హాలరిత్ కథ పూర్తి కాదు.

1882లో హాలరిత్ బోస్టన్‌లోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అధ్యాపకుడుగా చేరాడు. నిరుటి పాఠాన్నే ఈ ఏడు మళ్ళీ చెప్పడం ఆయన స్వభావానికి సరిపడలేదు. ఏడాదికే ఆ ఉద్యోగం వదలి, వాషింగ్టన్‌లో పేటెంట్ల కార్యాలయంలో పరీక్షకుడుగా చేరాడు. కొత్త ఆవిష్కరణకు చట్టపరమైన రక్షణ ఎలా పొందాలో అక్కడ నేర్చుకొని, దాన్ని కూడా వదలి, 1884 సెప్టెంబరులో తన యంత్రానికి పేటెంటు కోసం తొలి దరఖాస్తు పెట్టాడు.

ఆ తొలి యంత్రంలో కార్డులు లేవు. పొడవైన కాగితపు పట్టీ ఉండేది. ఒక్కొక్క మనిషి వివరాలను ఆ పట్టీపై అడ్డంగా రంధ్రాలు వేసి నమోదు చేసేవాడు. రంధ్రం గుండా విద్యుత్తు ప్రవహించి లెక్క పడేది. లెక్క బాగానే వచ్చింది. కాని హాలరిత్ కొద్ది కాలానికే అందులోని లోపాన్ని గ్రహించాడు. పట్టీపై ఎవరు ముందు ఎక్కితే వారే ఎప్పటికీ ముందు. ఒక జిల్లావారిని మాత్రమే విడదీయాలన్నా, వయసు ప్రకారం అమర్చాలన్నా పట్టీ మొత్తం తిప్పవలసిందే. నమోదైన వరుసకు సమాచారం బందీ అయిపోయింది. ఈ బంధాన్ని తెంచడమే హాలరిత్ చేసిన అసలు ఆవిష్కరణ.

దానికి మార్గం ఒక రైలు ప్రయాణంలో దొరికింది. ఆ కాలంలో అమెరికా రైళ్ళలో ఒకరి టిక్కెట్టుపై మరొకరు ప్రయాణించకుండా, కండక్టరు టిక్కెట్టు అంచున రంధ్రాలు వేసి ప్రయాణికుని ఆనవాళ్ళు గుర్తించేవాడు. జుట్టు రంగు ఏది, కళ్ళు నల్లనివా కావా, ముక్కు పెద్దదా చిన్నదా అన్నవి ఆ రంధ్రాలను బట్టి తెలిసేవి. ఒక మనిషికి ఒక చీటీ, చీటీలో ఆ మనిషి ఆనవాళ్ళు. హాలరిత్ దీన్ని చూసి, అందరికీ కలిపి ఒక పట్టీ కాకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క అట్టకార్డు అనే నిర్ణయానికి వచ్చాడు. కార్డులకు స్వతహాగా వరుస లేదు. కలిపితే కలుస్తాయి, విడదీస్తే విడిపోతాయి. ఇవాళ ఊరి ప్రకారం, రేపు వృత్తి ప్రకారం, ఎల్లుండి వయసు ప్రకారం పేర్చుకోవచ్చును.

1886 ప్రాంతంలో బాల్టిమోర్ నగరపు మరణాల లెక్కలపై ఈ పద్ధతిని పరీక్షించే అవకాశం లభించింది. అప్పుడు ఆయన వద్ద ఉన్న పరికరం రైలు కండక్టరు చేతిలోని పంచి వంటిదే. రోజుకు వెయ్యి కార్డుల వరకు, ఒక్కొక్క కార్డుకు పది పన్నెండు రంధ్రాల చొప్పున స్వయంగా వేసేవాడు. సాయంకాలానికి చేయి తిమ్మిరెక్కి కదిలేది కాదు. పైగా ఆ పంచి కార్డు అంచులకే అందేది, నడుమ స్థలమంతా వృథా. ఈ కష్టం నుంచే, మీటను ఒక పలకపై కదిలిస్తే కార్డుపై సరిగ్గా ఆ స్థానంలోనే రంధ్రం పడే కొత్త పరికరం పుట్టింది. తన చేయి నొచ్చినప్పుడే ఇతరుల చేతుల నొప్పి తెలుస్తుందనడానికి ఇది మంచి నిదర్శనం.

1889 జనవరి 8న ఆయనకు పేటెంట్లు లభించాయి. రాబోయే 1890 జనాభా లెక్కలకు ఏ పద్ధతి అనుసరించాలో తేల్చడానికి ఒక పోటీ జరిగింది. సెయింట్ లూయిస్ నగరంలోని నాలుగు విభాగాలకు చెందిన 10,491 మంది వివరాలను పోటీదారులకు ఇచ్చారు. హాలరిత్‌కు ప్రత్యర్థులు ఇద్దరు. విలియం హంట్ రంగు సిరాలతో చీటీలపై రాసే పద్ధతిని, చార్లెస్ పిడ్జిన్ రంగు రంగుల చిన్న అట్టముక్కల పద్ధతిని ప్రవేశపెట్టారు. వివరాలను ఎక్కించడానికి హంట్ పద్ధతిలో 144 గంటల 25 నిమిషాలు, పిడ్జిన్ పద్ధతిలో 110 గంటల 56 నిమిషాలు పట్టగా, హాలరిత్‌కు 72 గంటల 27 నిమిషాలు పట్టింది. ఎక్కించినవాటిని వర్గీకరించి లెక్కించడానికి హంట్‌కు 55 గంటల 22 నిమిషాలు, పిడ్జిన్‌కు 44 గంటల 41 నిమిషాలు పట్టింది. హాలరిత్ యంత్రం ఆ పనిని 5 గంటల 28 నిమిషాలలో ముగించింది. ఎక్కించడంలో ఆయన గెలుపు రెండింతలకు మించలేదు. పేర్చి లెక్కించడంలో ఎనిమిది పది రెట్లు. కష్టపడి ఒకసారి సరిగా నమోదు చేసుకుంటే, ఆ తర్వాత ఎన్ని విధాలుగానైనా పేర్చుకోవచ్చునన్న సత్యం ఈ అంకెలలోనే ఉన్నది.

ఆ యంత్రం పనిచేసే తీరు ఇప్పటికీ ఆశ్చర్యకరంగానే ఉంటుంది. కార్డును ఒక పీటపై ఉంచి పిడిని కిందికి వంచితే, స్ప్రింగులపై అమర్చిన సూదులు కార్డును తాకుతాయి. రంధ్రం లేనిచోట సూది ఆగిపోతుంది. రంధ్రం ఉన్నచోట సూది దూరి, అడుగున ఉన్న చిన్న గిన్నెలోని పాదరసాన్ని తాకుతుంది. విద్యుద్వలయం పూర్తి అయి, ఎదురుగా గడియారం వంటి పలకపై ముల్లు ఒక అంకె ముందుకు జరుగుతుంది. పక్కనే అరలున్న పెట్టె ఒకటి ఉంటుంది. ఆ కార్డు చేరవలసిన అర మూత తనంతట తానే తెరుచుకుంటుంది. గుమాస్తా కార్డును అందులో వేసి మూత మూస్తాడు. అలా లెక్కపెట్టడం, వేరుచేయడం ఒకే కదలికలో జరిగిపోయేవి.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన ముఖ్య విషయం ఒకటున్నది. కార్డు ఎడమ వైపున కొన్ని నిలువు వరుసలు ఆ మనిషి నివసించే గణన విభాగానికి కేటాయించబడ్డాయి. ఒక విభాగానికి చెందిన కార్డులన్నిటికీ ఆ రంధ్రాలు ఒకే తీరున, అనేక కార్డులకు ఒకేసారి వేసేవారు. మనిషి కార్డు ఎన్ని అరలు తిరిగినా, ఎన్ని కట్టలలో కలిసినా, తాను ఏ విభాగానికి చెందినదో తన ఒంటిపైనే మోసుకొని తిరుగుతుంది. క్రమం మారినా సంబంధం తెగదు. మేము పైన చెప్పిన రెండు వరుసలూ ఆ చిన్న అట్టముక్క మీద ఒకటైనాయి.

1890 లెక్కలలో తొలి మొత్తం కొద్ది వారాలలోనే తేలింది. 6 కోట్ల 26 లక్షల 22 వేల 250. దేశం ఇంకా పెద్దదని ఊహించుకున్న పత్రికలు, ప్రజలు నిరాశ చెంది యంత్రాన్నే శంకించారు. అనుకున్న అంకె రానప్పుడు లెక్కనే తప్పుపట్టడం అన్ని దేశాలలోనూ ఉన్నదే. ఆ ఏడాదే హాలరిత్‌కు కొలంబియా నుంచి డాక్టరేటు, ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ సంస్థ నుంచి ఇలియట్ క్రెసన్ పతకం లభించాయి. ఆ సెప్టెంబరులోనే లూసియా టాల్కట్‌తో వివాహం జరిగింది. వారికి ఆరుగురు సంతానం.

ఆస్ట్రియా, కెనడా మొదలైన దేశాలు ఆయన పద్ధతిని స్వీకరించాయి. 1897లో రష్యా సామ్రాజ్యపు తొలి సార్వత్రిక జనాభా లెక్కలలోనూ ఆ యంత్రాలే పనిచేశాయి. మన దేశంలో మాత్రం 1901 నుంచి మనిషికొక కాగితపు చీటీ రాసి, ఆ చీటీలను చేతులతోనే గూళ్ళలో వేరుచేసేవారు. యంత్రం లేకపోయినా సూత్రం అదే.

కాని జనాభా లెక్కలు పదేళ్ళ పండుగ. నడుమ కాలంలో యంత్రాలు మూలన పడి ఉండేవి. కుటుంబం గడవాలి, పనివారికి జీతాలివ్వాలి. హాలరిత్ రైల్వేల వైపు చూశాడు. న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలో ఏటా లక్షలాది సరుకు రశీదులు తయారయ్యేవి. అక్కడ మనుషులను లెక్కించినట్లు ఒకటొకటిగా లెక్కిస్తే చాలదు. రశీదులోని సొమ్మును, బరువును కూడవలసి ఉన్నది. తొలి ప్రయత్నం ఫలించలేదు. ఆయన నిరుత్సాహపడక, కార్డులోని అంకెలను కూడే కొత్త యంత్రం నిర్మించి ఆ రైల్వేను ఒప్పించాడు. 1896లో టాబ్యులేటింగ్ మెషిన్ కంపెనీని స్థాపించాడు.

1900 నాటి లెక్కలలో వ్యవసాయ వివరాల కోసం ఆయన కార్డులను తనంతట తానే వేరుచేసే యంత్రాన్ని తయారుచేశాడు. అంతవరకు మూత తెరుచుకునేది, కార్డు వేసేది మాత్రం మనిషి చెయ్యి. ఇప్పుడు కార్డులు ఒకదాని వెంట ఒకటి జారుతూ తమ అరల్లోకి తామే పోయి పడసాగాయి. కొన్నేళ్ళకు ఆ యంత్రాన్ని నిలువుగా నిర్మించాడు. స్థలం తక్కువ పట్టేది గాని, అడుగు అరలలోని కార్డులు తీయడానికి వంగి వంగి నడుములు విరిగిపోతున్నాయని పనివారు దానికి నడుము విరుచు యంత్రమనే అర్థం వచ్చే పేరు పెట్టారు.

ఆ యంత్రం ఒకసారికి ఒక్క నిలువు వరుసను, అనగా ఒక్క అంకె స్థానాన్ని మాత్రమే చూడగలదు. మరి మూడంకెల సంఖ్యలను ఎలా పేర్చాలి? సామాన్యంగా మనకు తోచేది వందల స్థానంతో మొదలుపెట్టడం. యంత్రం నడిపేవారు అందుకు విరుద్ధంగా ఒకట్ల స్థానంతో ప్రారంభించేవారు. ఉదాహరణకు 231, 132, 213, 121 అనే నాలుగు కార్డులు తీసుకుందాము. మొదట ఒకట్ల స్థానం చూస్తే 231, 121, 132, 213 అవుతాయి. ఆ కట్టను చెదరనీయకుండా పదుల స్థానం చూస్తే 213, 121, 231, 132 అవుతాయి. ఇంకా చిందరవందరగానే ఉన్నట్లు కనిపిస్తుంది. చివరగా వందల స్థానం చూస్తే 121, 132, 213, 231. మూడు మార్లలో సర్వమూ వరుసలోకి వచ్చింది. ఇందులో కీలకం ఏమంటే, ఒకే అరలో పడిన కార్డులు తాము అంతకు ముందున్న క్రమాన్ని వదులుకోరాదు. చిన్న విషయాన్ని ముందు సరిచేసి, దాన్ని చెడగొట్టకుండా పెద్ద విషయాన్ని సరిచేయాలి. జిల్లా, ఊరు, ఇల్లు అనే వరుస కావలసినప్పుడు ముందు ఇంటి ప్రకారం, తర్వాత ఊరి ప్రకారం, చివర జిల్లా ప్రకారం పేర్చేది ఇందుకే. ఈ పద్ధతి నేటి కంప్యూటరు పాఠ్యగ్రంథాలలో ఇప్పటికీ బోధించబడుతున్నది.

హాలరిత్ గుణగణాలను ఏకపక్షంగా పొగడడం మా అభిమతం కాదు. ఆయన యంత్రాలను అమ్మేవాడు కాడు, అద్దెకు ఇచ్చేవాడు. ఆ అద్దె విషయమై జనాభా లెక్కల శాఖ కొత్త అధికారి సైమన్ నార్త్‌తో తగాదా వచ్చింది. 1905లో శాఖ ఆయన యంత్రాలను వదులుకొని, తన సొంత యంత్రాలు తయారుచేయించుకోవడానికి పూనుకున్నది. ఆ పనిలో ఉన్న జేమ్స్ పవర్స్ తర్వాత ఆయనకు వ్యాపారంలోనూ పోటీదారు అయినాడు. హాలరిత్ న్యాయస్థానానికి ఎక్కినా 1910 లెక్కలను ఆపలేకపోయాడు. ఏ పని కోసం తన యంత్రాన్ని కన్నాడో ఆ పనికే దూరం కావడం ఆయనకు తీరని బాధ అయి ఉంటుంది. ముక్కుసూటి మనిషి, కోపిష్ఠి. రాజీ ఎరుగడు. ఆరోగ్యమూ దెబ్బతిన్నది. 1911లో తన కంపెనీని చార్లెస్ ఫ్లింట్ అనే వ్యాపారికి అమ్మివేశాడు. అది మరి కొన్ని కంపెనీలతో కలిసింది. 1914లో థామస్ వాట్సన్ దాని నిర్వహణ చేపట్టాడు. 1924లో ఆ సంస్థ ఇంటర్నేషనల్ బిజినెస్ మెషిన్స్ అనే పేరు ధరించింది. ప్రపంచమంతా ఎరిగిన ఐ.బి.ఎం. ఇదే.

1921 వరకు సలహాదారుగా ఉండి, తర్వాత ఆయన పూర్తిగా విశ్రాంతి తీసుకున్నాడు. తన పొలంలో మేలుజాతి పశువులను పెంచుతూ, పడవలు చేయించుకుంటూ కాలం గడిపాడు. 1929 నవంబరు 17న వాషింగ్టన్‌లో గుండెపోటుతో మరణించాడు. జార్జ్‌టౌన్‌లోని ఓక్ హిల్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది.

జీవితం ఇక్కడ ముగిసింది గాని, కథ ముగియలేదు. రెండు విషయాలు చెప్పకపోతే ఈ వ్యాసం అసత్యమవుతుంది.

మొదటిది. 1890 లెక్కలలో అమెరికా ప్రభుత్వం తొలిసారిగా ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క పత్రం కేటాయించి, తల్లి, తండ్రి, బిడ్డల పేర్లన్నీ అందులో రాయించింది. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో ఆ పత్రాలున్న భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. మంటలో కొన్ని, నీటిలో కొన్ని పాడైపోయాయి. మిగిలినవి 1930లలో ప్రభుత్వ అనుమతితోనే నాశనం చేయబడినవి. ఆరు కోట్లకు పైబడిన జనంలో నేడు పేరుతో కనిపించేవారు 6,000 పైచిలుకు మాత్రమే. హాలరిత్ యంత్రం తీసిన మొత్తాలన్నీ అచ్చులో భద్రంగా ఉన్నాయి. ఎందరు వడ్రంగులో తెలుసు; ఏ వడ్రంగికి ఎవరు కొడుకో తెలియదు. క్రమం మిగిలింది, చుట్టరికం కాలిపోయింది. మొత్తాన్ని దాచుకొని మూలాన్ని పోగొట్టుకున్న జాతికి తన తాతల పేర్లు వెదుక్కునేందుకు తావు లేకపోయింది.

రెండవది మరింత బాధాకరం. కార్డుపై ఏ ప్రశ్న ఉంటే యంత్రం ఆ ప్రకారమే మనుషులను విడదీస్తుంది. 1890 కార్డు మీదనే తెల్లవారు, నల్లవారు, మిశ్రమ సంతతివారు, చైనీయులు, జపానీయులు అనే విభాగాలున్నాయి. హాలరిత్ మరణించిన నాలుగేళ్ళకు, 1933లో, జర్మనీలో హిట్లరు ప్రభుత్వం జనాభా లెక్కలు తీసింది. ప్రష్యా ప్రాంతపు లెక్కలను హాలరిత్ యంత్రాలతో తేల్చింది ఐ.బి.ఎం. అనుబంధ సంస్థ. కార్డుపై మతానికి ఒక నిలువు వరుస ఉన్నది. తర్వాతి కాలంలో ఆ ప్రభుత్వపు నిర్బంధ శిబిరాలలో కూడా ఖైదీలకు హాలరిత్ కార్డులు వాడారు. యంత్రం ఎందుకని అడగదు. అడగవలసినవాడు మనిషి. అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు చదువు చెప్పే కళాశాలలో ఉన్న మాకు ఈ మాట మరింత సూటిగా తగులుతుంది. లెక్కలోకి రాకపోతే ఉపకార వేతనం రాదు, వసతిగృహం రాదు. అందువలన లెక్కలోకి రావడం మన హక్కు. ఆ లెక్కను ఎవరు, దేనికోసం, ఏ వరుసలో పేరుస్తున్నారో తెలుసుకోవడం కూడా మన హక్కే, మన బాధ్యత కూడా.

ఇక మా విద్యార్థిని మార్కుల విషయానికి వద్దాము. హాలరిత్ కంపెనీ నుంచి పెరిగిన ఐ.బి.ఎం.లోనే ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రజ్ఞుడు 1970లో సమాచారాన్ని పట్టికలుగా ఏర్పరచే సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఆ సిద్ధాంతం ప్రకారం పట్టికలోని అడ్డువరుసలకు తమకంటూ ఏ క్రమమూ లేదు. అవి కట్ట విప్పిన హాలరిత్ కార్డుల వంటివి. విద్యార్థుల పట్టిక ఒకటి, మార్కుల పట్టిక ఒకటి. ప్రతి మార్కు తాను ఏ విద్యార్థిదో తెలిపే సంఖ్యను తనతోనే మోసుకొని ఉంటుంది, ఆనాటి కార్డు విభాగపు రంధ్రాలను మోసినట్లే. నేడు వెబ్‌సైట్లు నిర్మించడానికి వాడే రూబీ ఆన్ రైల్స్ వంటి చట్రాలలో, ఒక విద్యార్థికి అనేక మార్కులుంటాయని ఒక్క పంక్తిలో సంబంధం చెప్పవచ్చును. ఆ మార్కులు సెమిస్టరు ప్రకారం, ఆపై పేపరు సంఖ్య ప్రకారం రావాలని కూడా అక్కడనే చెప్పవచ్చును. చెప్పకపోతే అవి నేడు ఒక తీరున, రేపు మరొక తీరున రావచ్చును. విద్యార్థులను పేర్ల ప్రకారం పేర్చినంత మాత్రాన వారి కింది మార్కులు వరుసలోకి రావు. వాటి క్రమం వేరుగా చెప్పవలసిందే. ఒకే సెమిస్టరులో ఇద్దరికి పోటీ వచ్చినప్పుడు ఎవరు ముందో తేల్చడానికి రెండవ ఆధారం ఇవ్వవలసిందే. సంబంధం చెప్పినంత మాత్రాన క్రమం చెప్పినట్లు కాదు. పట్టీని వదలి కార్డును చేపట్టిన నాడే హాలరిత్ ఈ బాధ్యతను మన నెత్తిన పెట్టాడు. స్వేచ్ఛతో పాటు వచ్చే బాధ్యత అది.

కళాశాల కార్యవర్గం పెద్దలకు మా విన్నపం ఒక్కటే. కంప్యూటరులో రికార్డులు ఎక్కినవి గదా అని పాత అడ్మిషన్ రిజిస్టర్లను అటకపై చెదలకు వదలవద్దు. మొత్తాలతో పాటు మూలాలనూ కాపాడండి. కంప్యూటరు విద్య అభ్యసిస్తున్న మా విద్యార్థినీ విద్యార్థులకు చెప్పదలచినది కూడా ఒక్కటే. మీరు రాసే ఒక్క పంక్తి లోపిస్తే, ఎక్కడో ఒక పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఏది ఎవరికి చెందినదో చెప్పండి. ఏది ఏ క్రమంలో రావాలో కూడా చెప్పండి. ఆ రెండు వరుసలూ తెలిసినవారే రికార్డులను కాపాడగలరు. అటువంటివారు మన కళాశాల నుంచి అనేకులు బయలుదేరాలని మేము మనసారా కోరుకుంటున్నాము.